రాజులు వచ్చాక గ్రీకు నగరాల కథ ముగిసినట్టేనా?

మీ ప్రశ్న ఇదీ: "క్రీ.పూ. 338లో కైరోనియా యుద్ధంతో గ్రీకు నగరరాజ్యాల కథ ముగిసిందని మా పుస్తకంలో ఉంది. కానీ అలెగ్జాండర్ పోయిన తర్వాత కూడా అవే నగరాలు చాలాకాలం పౌరసభలు నడిపాయనీ, తీర్మానాలు చేసి రాళ్ల మీద చెక్కించాయనీ ఇంకోచోట చదివాను. రెండింట్లో ఏది నిజం? ఒకే ఒక్క సంవత్సరం రాయమంటే ఏది రాయాలి?"

సూటిగా చెప్పేస్తాను. ముగియలేదు. పెద్ద యుద్ధాలు సొంతంగా ప్రకటించే శక్తి చాలా నగరాలకు పోయింది, అది నిజం. కానీ పౌరసభ, కోర్టులు, ఎన్నికైన అధికారులు, సొంత చట్టాలు, ఇవి ఆగలేదు. అయితే ఈ స్వయంపాలన అన్ని చోట్లా ఒకేలా లేదు, ఒకే నగరంలో అన్ని రోజులూ ఒకేలా లేదు. ఏ నగరం గురించి చదువుతున్నా ముందు రెండు విషయాలు చూడండి. ఒకటి: ఊరి కోటలోనో రేవులోనో ఉన్న దండు ఎవరిది? రెండు: ఆ చుట్టుపక్కల పోటీపడుతున్న రాజులు ఎంతమంది? ఈ రెండూ తేలితే మిగతాది దాదాపు తేలినట్టే. డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్లు ప్రాచీన చరిత్ర చెప్పాను, ఇప్పుడు సివిల్స్‌కి చదివేవాళ్లు వస్తుంటారు. వాళ్లకీ ఇదే చెబుతాను.

కింద ఉన్న సంవత్సరాలన్నీ క్రీస్తుపూర్వమే, ప్రతిసారీ రాయను.

ముందు ఈ రాజులెవరో చూద్దాం. 323 జూన్‌లో అలెగ్జాండర్ బాబిలోన్‌లో చనిపోయేనాటికి వారసుడంటూ సరైనవాడు లేడు. రాజ్యం నడిపే సామర్థ్యం లేని సవతి సోదరుడు ఒకడు, ఇంకా పుట్టని బిడ్డ ఒకడు. ఇద్దరినీ పేరుకు రాజుల్ని చేశారు, తర్వాత ఇద్దరూ హత్యకు గురయ్యారు. అసలు అధికారం సేనాపతులది. 306లో సైప్రస్ దగ్గర సలామిస్ నౌకాయుద్ధంలో డెమెట్రియస్ గెలిచాక అతనూ, అతని తండ్రి ఒంటికన్ను ఆంటిగొనస్ రాజు బిరుదు పెట్టుకున్నారు. అది చూసి ఒకటి రెండేళ్లలో ఈజిప్టులో టాలెమీ, ఆసియాలో సెల్యూకస్, థ్రేస్‌లో లైసిమాకస్, మాసిడోన్‌లో కసాండర్ కూడా రాజులైపోయారు. అంటే గెలిచినవాడు రాజు, ఓడితే కాదు. శాసనాల్లో కూడా "రాజు సెల్యూకస్" అనే ఉంటుంది, ఫలానా దేశపు రాజు అని ఉండదు. 301లో ఇప్సస్ దగ్గర మిగతావాళ్లు కలిసి ఆంటిగొనస్‌ను చంపేశారు, అప్పటికి అతనికి ఎనభై ఏళ్లు. ఆ యుద్ధాన్ని తేల్చింది సెల్యూకస్ ఏనుగులు. చంద్రగుప్త మౌర్యుడు ఇచ్చిన 500 ఏనుగుల్లోవే అవి.

మన వైపు ఆనవాలు ఇంకొకటి ఉంది. అశోకుడి పదమూడో శిలాశాసనంలో అంతియోకుడు, తురమాయుడు, అంతికినుడు, మగుడు, అలికసుదరుడు అని ఐదుగురు యవన రాజుల పేర్లున్నాయి. ఆ పద్నాలుగు శాసనాల ప్రతి మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. దాంట్లో గమనించాల్సింది: రాజుల పేర్లే ఉన్నాయి, ఒక్క నగరం పేరూ లేదు. పాటలీపుత్రం నుంచి చూస్తే రాజులే కనిపిస్తారు. మీ పాఠ్యపుస్తకం కూడా అంత దూరం నుంచే చూసి రాసింది.

దగ్గరికి వెళ్తే వేరే కథ.

ఇంత సైన్యం ఉన్న రాజు ఒక ఊరిని ఎందుకు బతిమాలాలి? విద్యార్థులు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇది. జవాబు ఖర్చు. ఓడల మీద తెడ్లు వేసేవాళ్లు, కూలికి పోరాడే సైనికులు, లెక్కలు రాసేవాళ్లు, రాయబారులు, వైద్యులు, ఇంజినీర్లు, వీళ్లంతా గ్రీకు నగరాల నుంచి రావాలి. రాజుల సొంత జనం మాసిడోనియన్లు అంతమంది లేరు. ఊరిని ముట్టడించి లొంగదీయాలంటే నెలలు పడుతుంది. డెమెట్రియస్‌కి 'నగరాలు పట్టేవాడు' అనే బిరుదుంది, అతనే 305-304లో రోడ్స్ చుట్టూ ఏడాదిపాటు యంత్రాలు నిలబెట్టి చివరికి సంధి చేసుకుని వెళ్లిపోయాడు. అతను వదిలేసిన ముట్టడి సామాను అమ్మిన డబ్బుతోనే రోడ్స్ వాళ్లు కొలోసస్ విగ్రహం కట్టుకున్నారు. పైగా మీరు బలవంతం చేసిన ఊరు రేపు మీ శత్రువుకి తలుపు తీస్తుంది. మిర్చి యార్డులో కొనేవాళ్లు ఇద్దరుంటే రైతుకు ధర పలుకుతుంది కదా, ఇక్కడ కొనేవాళ్లు నలుగురైదుగురు.

అందుకే 'గ్రీకుల స్వేచ్ఛ' అనేది రాజుల ఆయుధమైంది. 319లో మాసిడోన్ సంరక్షకుడు పొలిపెర్కాన్ మొదలుపెట్టాడు: కసాండర్ మద్దతుదారులైన చిన్న గుంపుల పాలన పోవాలి, పాత ప్రజాస్వామ్యాలు తిరిగి రావాలి అని ప్రకటన. 315లో టైర్ దగ్గర ఆంటిగొనస్ అంతకంటే పెద్ద మాట అన్నాడు. గ్రీకులంతా స్వతంత్రులు, దండు ఉండదు, ఎవరి చట్టం వాళ్లదే. వెంటనే ఈజిప్టు నుంచి టాలెమీ కూడా అదే ప్రకటన చేశాడు. దండు ఉండదు అని విడిగా చెప్పాల్సి వచ్చిందంటేనే ఊళ్లవాళ్ల అసలు బాధ ఏమిటో తెలుస్తుంది.

311లో ఈ రాజుల మధ్య సంధి కుదిరాక ఆంటిగొనస్ ట్రోయ్ ప్రాంతంలోని స్కెప్సిస్ అనే చిన్న ఊరికి రాసిన ఉత్తరం రాతి మీద దొరికింది. నేను క్లాసులో మొదట చదివించేది ఇదే. ఎవరెవరితో చర్చలు ఎలా నడిచాయో చెప్పుకొస్తాడు. మీరూ ఇతర మిత్రులూ యుద్ధంతో, ఖర్చులతో నలిగిపోతున్నారని కొన్ని విషయాల్లో తగ్గాను అంటాడు. చివర, ఒప్పందానికి కట్టుబడతామని మీరూ ప్రమాణం చేయండి అని అడుగుతాడు. ఊరివాళ్లు సంతోషించి అతనికి ఒక పవిత్ర స్థలం, బలిపీఠం, విగ్రహం ఏర్పాటు చేస్తూ తీర్మానం చేశారు. ఇక్కడిదాకా చదివి "ఎంత మర్యాదైన రాజు!" అంటారు పిల్లలు. అప్పుడు తర్వాతి సంగతి చెబుతాను. అదే ఆంటిగొనస్ స్కెప్సిస్ జనాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిపి, తన పేరు పెట్టిన కొత్త నగరంలోకి తరలించాడు. లైసిమాకస్ వచ్చాక గానీ వాళ్లకు సొంతూరికి తిరిగి వెళ్లే అనుమతి దొరకలేదు.

రెండూ నిజమే. ఉత్తరమూ నిజం, తరలింపూ నిజం. ఈ కాలాన్ని అర్థం చేసుకోవాలంటే రెండింటినీ ఒకే చేత్తో పట్టుకోవాలి.

ఏథెన్స్ సంగతి కాస్త వివరంగా. ఎందుకంటే మీ పుస్తకం 'ముగిసింది' అన్నది ప్రధానంగా దీని గురించే.

338లో కైరోనియాలో ఓడాక ఏథెన్స్ ప్రజాస్వామ్యాన్ని గెలిచిన మాసిడోన్ రాజు ఫిలిప్ (అలెగ్జాండర్ తండ్రి) ముట్టుకోలేదు, ఊళ్లో దండు పెట్టలేదు. అసలు దెబ్బ 322లో పడింది. అలెగ్జాండర్ చనిపోయాడని తెలియగానే ఏథెన్స్ తిరుగుబాటుకు నాయకత్వం వహించింది. మాసిడోన్ పాలకుడు ఆంటిపాటర్‌ను లామియా పట్టణంలో చుట్టుముట్టింది కూడా. కానీ సముద్రంలో అమోర్గోస్ దగ్గర, నేల మీద క్రానోన్ దగ్గర ఓడిపోయింది. షరతులు ఇవీ: 2,000 డ్రాక్మాల (అక్కడి వెండి నాణేలు) ఆస్తి లేనివాడికి ఓటు లేదు, పిరయస్ రేవును ఆనుకుని ఉన్న మునికియా కొండ మీద మాసిడోన్ దండు ఉంటుంది. జీవితచరిత్రలు రాసిన ప్లూటార్క్ లెక్క ప్రకారం పన్నెండు వేలమందికి పైగా పౌరహక్కు పోయింది. మాసిడోన్‌ను ఎదిరించిన వక్త డెమోస్తనీస్ పారిపోయి కలౌరియా దీవిలో విషం తాగి చనిపోయాడు. కాబట్టి 'ఏథెన్స్ ప్రజాస్వామ్యం పోయిన సంవత్సరం' అని ఒకటి రాయాలంటే 338 కాదు, 322.

కానీ అదీ శాశ్వతం కాదు. 317 నుంచి 307 దాకా కసాండర్ తరఫున ఫలేరమ్ డెమెట్రియస్ అనే తత్వవేత్త ఊరిని నడిపాడు. ఆస్తి పరిమితి 1,000 డ్రాక్మాలకు దిగింది, దండు మాత్రం కదల్లేదు. 307లో ఆంటిగొనస్ కొడుకు డెమెట్రియస్ (పేరు ఒకటే, మనిషి వేరు, జాగ్రత్త) నౌకాదళంతో వచ్చి మునికియా కోటను కూల్చి, ప్రజాస్వామ్యం మళ్లీ మీదే అన్నాడు. ఏథెన్స్ పొంగిపోయింది. తండ్రీకొడుకుల్ని రక్షక దేవుళ్లన్నారు, బంగారు విగ్రహాలు పెట్టారు, పౌరులను విభజించే పది తెగలకు వాళ్ల పేర్లతో రెండు కలిపి పన్నెండు చేశారు. కొన్నేళ్లకు ఆ దేవుడు పార్థినాన్ గుడి వెనక గదిలోనే కాపురం పెట్టి విందులు చేసుకున్నాడు. ఇప్సస్‌లో ఓడిపోయి తిరిగొస్తుంటే అదే ఏథెన్స్ దారిలోనే రాయబారులను పంపి, ఏ రాజునూ ఊళ్లోకి రానివ్వకూడదని తీర్మానించుకున్నాం, రావద్దు అంది!

దీన్ని చాలామంది కృతఘ్నత అంటారు. నాకు అలా అనిపించదు. బతకడం తెలిసిన ఊరి లెక్క అది. పొగడ్తలు ఎంత ఎక్కువగా ఉంటే అవసరం అంత ఎక్కువని చదువుకోవాలి, భక్తి అని కాదు.

294 నాటికి డెమెట్రియస్ ఆకలితో మాడ్చి ఏథెన్స్‌ను మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి రేవులోనే కాదు, ఊరి గోడల లోపలే ఉన్న మ్యూసియం అనే కొండ మీద కూడా దండు పెట్టాడు. 287లో ఊరు తిరగబడింది. దీని గురించి గ్రంథాల్లో ఉన్నది తక్కువ. 1971లో ఏథెన్స్ అగోరా (ఊరి నడిబజారు) తవ్వకాల్లో ఒక తీర్మానం దొరికింది, అసలు కథ అక్కడుంది. స్ఫెట్టోస్ ఊరి కల్లియాస్ ఏథెన్స్ పౌరుడే, కానీ టాలెమీ కొలువులో సేనాని. తిరుగుబాటు కబురు విని ఆండ్రోస్ దీవి నుంచి వెయ్యిమంది సైనికులతో దిగాడు, చేలల్లో పంట కోసి ఊళ్లోకి చేర్చేదాకా కాపలా కాశాడు, ఆ పోరులో గాయపడ్డాడు. తర్వాత ఈజిప్టు నుంచి ఊరికి 50 టాలెంట్ల (టాలెంట్ అంటే వెండి తూచే పెద్ద కొలత) వెండి, 20,000 మెడిమ్నోలు (అక్కడి ధాన్యపు కొలత) గోధుమలు వచ్చేలా చూశాడు. ఒక రాజు దండును తరమడానికి ఇంకో రాజు జీతగాడు సాయం చేశాడు. ఊరు స్వతంత్రం అయింది, కానీ ఆ స్వాతంత్ర్యం వెనక టాలెమీ రాజధాని అలెగ్జాండ్రియా డబ్బుంది. పైగా పిరయస్ రేవులో దండు అలాగే ఉండిపోయింది. గోధుమలు ఓడల్లో తెచ్చుకుని తినే ఊరికి సొంత రేవు చేతిలో లేకపోవడం అంటే ఎంత ఇబ్బందో ఊహించుకోండి.

268 ప్రాంతంలో క్రెమొనిడీస్ అనే ఏథెన్స్ నాయకుడు ప్రతిపాదించిన తీర్మానంతో ఏథెన్స్, స్పార్టా, రెండో టాలెమీ కలిసి డెమెట్రియస్ కొడుకు ఆంటిగొనస్ గొనాటస్ మీద యుద్ధానికి దిగారు. టాలెమీ నౌకాదళం పెద్దగా చేసిందేమీ లేదు, స్పార్టా రాజు కొరింత్ దగ్గర చనిపోయాడు, 262 ప్రాంతంలో ఏథెన్స్ ఆకలికి లొంగింది. తర్వాత ముప్పై ఏళ్లు గట్టి పట్టు.

చివరికి విడుదల ఎలా వచ్చిందో చూడండి. 229లో మాసిడోన్ రాజు చనిపోయి, వారసుడు చిన్నపిల్లవాడై గందరగోళంగా ఉన్నప్పుడు, పిరయస్ దండు అధిపతి డయోజెనీస్‌కు ఏథెన్స్ 150 టాలెంట్లు కట్టి దండును సాగనంపింది. సుమారు నాలుగు టన్నుల వెండి. సైనికుల జీతం బాకీలు అందులోంచే తీరాయి. ఇరవై టాలెంట్లు పొరుగున అకేయన్ సమాఖ్య అనే నగరాల కూటమి నాయకుడు అరాటస్ వేశాడు. డయోజెనీస్‌కు పౌరసత్వం ఇచ్చి, అతని పేరుతో వ్యాయామశాల కట్టి, పండగ కూడా చేశారు. యుద్ధంలో దొరకని స్వాతంత్ర్యాన్ని కొనుక్కున్నారు. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు.

ఇక కోటల సంగతి. మాసిడోన్ రాజు ఐదో ఫిలిప్ కాలానికి మూడు కోటలకు 'గ్రీసు సంకెళ్లు' అని పేరుండేది: థెస్సలీలో డెమెట్రియాస్, యూబియా దీవిలో ఖాల్కిస్, దక్షిణానికి దారి మీద కొరింత్. (మొదటిది ఊరు పేరు, డెమెట్రియాస్ అని గుర్తుపెట్టుకోండి, మనిషితో కలపకుండా.) ఈ మూడింట్లో దండు ఉంటే మిగతా గ్రీసు అంతటా సైన్యం పెట్టే పనే లేదు.

కొరింత్ కొండకోట ఎంత విలువైనదో చెప్పడానికి ప్లూటార్క్ రాసిన ఒక ముచ్చట చాలు. 245 ప్రాంతంలో కోట నికాయా అనే వితంతువు చేతిలో ఉంది. గొనాటస్ అప్పటికి ముసలివాడు. తన కొడుకుని ఆమెకిచ్చి పెళ్లి చేస్తానని కబురు పెట్టాడు. ఆమె ఒప్పుకుంది గానీ కోట కాపలా సడలించలేదు. పెళ్లి వేడుకలు, కచేరీలు, విందులు. ఒకరోజు ఆమెను అలంకరించిన పల్లకీలో గాయకుడి కచేరీకి పంపి, తానూ వెంట వస్తున్నట్టే వచ్చి, మలుపు దగ్గర పక్కకు తిరిగి వయసుకు మించిన వేగంతో కొండెక్కాడు. తలుపు మూసి ఉంది. చేతికర్రతో తలుపు బాది తీయమన్నాడు. లోపలివాళ్లు నివ్వెరపోయి తీశారు. ఒక్క బాణం కూడా వదలకుండా కోట చేతికొచ్చింది. ఆ రోజు ఆ పెద్దమనిషి సంతోషం పట్టలేక పూలదండలు వేసుకుని వీధుల్లో తాగి తిరిగాడట.

రెండేళ్లకే, 243లో, సికియోన్ నగరపు అరాటస్ రాత్రివేళ నాలుగు వందల మందితో గోడెక్కి ఆ కోటను పట్టుకున్నాడు. దారి చూపే మనిషికి అరవై టాలెంట్లు ఇస్తానని మాటిచ్చాడు, అంత డబ్బు చేతిలో లేక ఇంట్లోని వెండి సామాను, భార్య నగలు తాకట్టు పెట్టాడు. కోటతో పాటు కొరింత్ అకేయన్ సమాఖ్యలో చేరింది. ఈ సమాఖ్య మీ ప్రశ్నకు ముఖ్యం. ఇది రాజు పెట్టింది కాదు, నగరాలు తమంతట తాము కలిసి కట్టుకున్నది. ఏటా ఎన్నికయ్యే ఒక సేనాపతి, వరసగా రెండేళ్లు ఒకడే ఉండకూడదని నియమం. అందుకే అరాటస్ ఏడాది విడిచి ఏడాది ఎన్నికయ్యేవాడు. మెగలోపోలిస్ నిరంకుశుడు లిడియాదాస్ 235లో తానే పదవి వదిలేసి, ఊరిని సమాఖ్యలో చేర్చి, తర్వాత దానికే సేనాపతిగా ఎన్నికయ్యాడు. 'ముగిసిపోయిన' నగరరాజ్యాల కాలంలో ఇదంతా జరిగింది. ఉత్తరాన ఏటోలియన్లదీ ఇలాంటి సమాఖ్యే, కాస్త దోపిడీ ఎక్కువ.

కానీ చివర చూడండి. స్పార్టా రాజు క్లియోమెనిస్ అప్పుల రద్దు, భూముల పంపకం అంటూ లేచి సమాఖ్యను ఒక్కో యుద్ధంలో ఓడిస్తూ వచ్చాడు. పేదలు అన్ని ఊళ్లలో అతని వైపు చూడసాగారు. అరాటస్ భయపడి మాసిడోన్ రాజు ఆంటిగొనస్ డోసన్‌ను పిలిచాడు. అతను అడిగిన ధర ఏమిటి? కొరింత్ కొండకోట. 224లో అరాటసే దాన్ని తిరిగి ఇచ్చేశాడు. 222లో సెల్లాసియా దగ్గర స్పార్టా ఓడింది. భార్య నగలు తాకట్టు పెట్టి తెచ్చిన కోటను తన చేతులతోనే అప్పజెప్పాడంటే, రాజుల కంటే సొంత ఊళ్లోని పేదలే ఎక్కువ భయమనిపించే పెద్దలు ఈ నగరాలను నడిపారని అర్థం. నా దృష్టిలో ఈ కాలపు స్వేచ్ఛకు అసలు లోటు ఇదే, రాజు కాదు.

అకేయన్లు, రోడ్స్ లాంటివి బలమైనవి కదా, మామూలు ఊరి సంగతేమిటి అంటారేమో. థెస్సలీలోని లారిస్సా చూడండి. అది నేరుగా మాసిడోన్ రాజు అదుపులో ఉన్న ఊరు. 217లో ఐదో ఫిలిప్ ఉత్తరం రాశాడు: యుద్ధాలతో మీ ఊళ్లో జనం తగ్గారు, మీ దగ్గర నివసిస్తున్న థెస్సలియన్లకు, ఇతర గ్రీకులకు పౌరసత్వం ఇవ్వండి, పొలాలు సాగులోకి వస్తాయి. పౌరసభ సరే అని తీర్మానించి, కొత్తవాళ్ల పేర్లు రాతిపలకల మీద చెక్కించింది. ఆ తర్వాత ఆ పేర్లను ఉలితో చెరిపేసింది! 215లో ఫిలిప్ రెండో ఉత్తరం. రోమన్లను చూడండి, బానిసలను విడుదల చేసినా పౌరులుగా చేర్చుకుంటారు, పదవులూ ఇస్తారు, అందుకే దాదాపు డెబ్బై చోట్ల వలసలు స్థాపించగలిగారు అని నచ్చజెబుతాడు. అభ్యంతరం ఉన్నవాళ్ల కేసులు పక్కన పెట్టండి, నేను దండయాత్ర నుంచి వచ్చాక వింటాను అంటాడు. చివరికి ఊరు పేర్లు తిరిగి రాసింది. రాజు మాటే నెగ్గింది. కానీ రాజు మాటను ఒక ఊరు ఉలితో చెరిపేసి రెండేళ్లు నెట్టుకొచ్చింది, రాజు సైన్యాన్ని కాదు, వాదనలను పంపాడు. పూర్తి బానిసత్వం అంటే ఇలా ఉండదు.

ఆసియా మైనర్ ఊళ్లదీ ఇదే పద్ధతి. ఎరిథ్రే నగరం రాయబారులతో కిరీటం, బంగారం పంపి, తమ పూర్వపు హక్కులు గుర్తుచేసింది. సెల్యూకస్ వంశపు (సెల్యూసిడ్) రాజు ఆంటియోకస్ స్వయంపాలనను, పన్ను మినహాయింపును ఖాయం చేశాడు. గలాటియన్లనే తెగల దాడులకని అందరి దగ్గరా వసూలు చేసే పన్ను కూడా వదిలేశాడు. ఇయాసోస్ ఊరికి మూడో ఆంటియోకస్ భార్య లావొడికే ఏడాదికి వెయ్యి మెడిమ్నోల గోధుమలు పదేళ్లపాటు ఇచ్చింది, అమ్మిన డబ్బుతో పేద పౌరుల కూతుళ్లకు కట్నం ఇమ్మని. ఇలాంటి ఉత్తరాలు చదివేటప్పుడు నేనొక పద్ధతి పాటిస్తాను: రాజు ఏమిచ్చాడన్నది కాక, ఇవ్వకుండా దాటేసిన మాట ఏది అని వెతుకుతాను. దండు గురించి మాట లేకపోతే దండు ఉన్నట్టే అనుమానించాలి. పన్ను మినహాయింపుకు రాజు ఒక గడువు పెట్టాడంటే ఆ గడువు తర్వాత పన్ను ఉంటుంది.

ఒక జాగ్రత్త. నేను చెప్పినదంతా గ్రీకు నగరాల పౌరుల గురించే. ఈజిప్టులో ఇలాంటి నగరాలు అలెగ్జాండ్రియా, నౌక్రటిస్, టాలెమైస్ అని మూడే. మిగతా దేశమంతా రాజు అధికారులు నేరుగా నడిపినదే. ఆసియాలో రాజు భూముల మీద పనిచేసే రైతులను భూమితో సహా ఎవరికైనా ఇచ్చేయొచ్చు. వాళ్లకు పౌరసభా లేదు, ఉత్తరమూ రాదు. పరీక్షలో 'హెలెనిస్టిక్ రాజరికం' (అలెగ్జాండర్ తర్వాతి ఈ రాజుల పాలన) అని పెద్ద ప్రశ్న వస్తే ఈ తేడా రాయండి, చాలామంది రాయరు.

మరి ముగిసింది ఎప్పుడు? పోటీ పోయినప్పుడు. 196లో రోమన్ సేనాపతి ఫ్లామినినస్ కొరింత్ దగ్గర ఇస్త్మియన్ క్రీడల్లో గ్రీకులకు స్వేచ్ఛ ప్రకటించాడు. దండు లేదు, కప్పం లేదు, సొంత చట్టాలు. దాదాపు నూట ఇరవై ఏళ్ల కిందట ఆంటిగొనస్ అన్నవే. 194లో రోమన్ సైన్యం నిజంగానే వెళ్లిపోయింది, సంకెళ్ల కోటలు కూడా ఖాళీ చేసి. ఆ రోజుల్లోనే స్మిర్నా, లాంప్సకస్ ఊళ్లు మూడో ఆంటియోకస్‌కు లొంగకుండా రోమ్‌కు మొరపెట్టుకున్నాయి. పాత ఆటే, కొత్త ఆటగాడు. అప్పటికి ఇంకా ఇద్దరున్నారు కాబట్టి ఆట సాగింది. ఆంటియోకస్ మెగ్నీషియా దగ్గర ఓడి, 188లో అపమియా సంధితో ఆసియా మైనర్ వదిలేశాడు. 168లో పిడ్నా దగ్గర మాసిడోన్ రాజు పెర్సియస్ ఓడిపోయాడు, రాజ్యాన్నే నాలుగు ముక్కలు చేశారు. అదే ఏడాది రోమన్ రాయబారి పొపిలియస్ ఈజిప్టులో నాలుగో ఆంటియోకస్ చుట్టూ ఇసుకలో గీత గీసి, దాటేలోపు జవాబు చెప్పమన్నాడు. రాజు వెనక్కి వెళ్లిపోయాడు.

నగరాలకు దీని అర్థం రోడ్స్‌కు తెలిసొచ్చింది. వందేళ్లకు పైగా అందరు రాజులతోనూ స్నేహంగా ఉండి బాగుపడ్డ ఊరు అది. 227 ప్రాంతంలో భూకంపం వస్తే మూడో టాలెమీ, రెండో సెల్యూకస్, డోసన్, సిసిలీ రాజు హియెరాన్, అందరూ పోటీపడి వెండి, ధాన్యం, కలప పంపారు. అలాంటి రోడ్స్ పెర్సియస్ యుద్ధంలో పాత అలవాటు కొద్దీ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. రోమ్ దాన్ని ద్రోహంగా తీసుకుంది. ఆసియాలోని భూములు లాక్కుంది, డెలోస్‌ను సుంకం లేని రేవు చేసింది. అకేయన్ చరిత్రకారుడు పాలిబియస్ ప్రకారం రోడ్స్ రేవు ఆదాయం పది లక్షల డ్రాక్మాల నుంచి లక్షా యాభై వేలకు పడిపోయింది. వెళ్లి మొరపెట్టుకోవడానికి ఇంకో రాజు లేడు. ఈ పాలిబియస్‌ను కూడా ఆ యుద్ధం తర్వాతే మరో వెయ్యిమంది అకేయన్ పెద్దలతో కలిపి ఇటలీకి బందీగా తీసుకెళ్లారు.

కాబట్టి ఒకే సంవత్సరం రాయమంటే నేను 168 రాస్తాను. చాలామంది అధ్యాపకులు 146 అంటారు, కొరింత్‌ను రోమన్లు నేలమట్టం చేసి అకేయన్ సమాఖ్యను రద్దు చేసిన ఏడాది. అది రాసినా తప్పు పట్టరు, కారణం చెప్పండి చాలు. మీ పుస్తకంలో ఉన్నట్టు 338 రాయాలనే ఉంటే, అప్పుడు 'గ్రీసులో మాసిడోన్ ఆధిపత్యం మొదలు' అని మాత్రం రాయండి. 322, 287, 229 మూడింటినీ ఏథెన్స్ ఉదాహరణగా కిందే చేర్చండి. వ్యాసం పెద్దదైతే లారిస్సా ఉత్తరాలు కూడా వాడుకోవచ్చు, నా దగ్గరికి వచ్చేవాళ్లలో దాన్ని రాసినవాళ్ల జవాబులే బాగా నిలబడ్డాయి.